వోల్టేజీ ఎక్కడ దిగిపోతోంది: ఒక ఇంటి సర్వీసు కేస్ స్టడీ

ఇల్లు ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో, వీధి చివర ఉంది. సింగిల్ ఫేజ్ సర్వీసు. స్తంభం నుంచి మీటరు దాకా 38 మీటర్ల సర్వీసు వైరు. 4 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం, రెండు కోర్లు (కరెంటు వచ్చే ఫేజు, తిరిగి పోయే న్యూట్రల్), జీఐ (జింకు పూత ఇనప) తీగకు కట్టి లాగింది. మీటరు పక్కనే పాత ఐరన్‌క్లాడ్ (ఇనప పెట్టె) మెయిన్ స్విచ్, అందులో ఒక పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజు, ఒక న్యూట్రల్ లింకు (న్యూట్రల్ వైర్లను కలిపే ఇత్తడి ముక్క) ఉన్నాయి. అక్కడి నుంచి 6 మీటర్ల దూరంలో లోపలి డిస్ట్రిబ్యూషన్ బోర్డు, దాని నుంచి బాత్‌రూమ్ గీజరుకు 14 మీటర్ల 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. ఇంట్లో పెద్ద లోడ్లు రెండే: 2,000 వాట్ల గీజరు, ఒకటిన్నర టన్నుల ఏసీ. ఏసీకి స్టెబిలైజరు ఉంది.

కంప్లైంట్ ఇది. గీజరు వేస్తే హాల్లో లైట్లు మసకబారుతున్నాయి. నీళ్లు వేడెక్కడానికి మునుపటి కంటే చాలా ఎక్కువ సమయం పడుతోంది. సాయంత్రం పూట ఏసీ కంప్రెసర్ అందుకోబోయి ఆగిపోతోంది. అప్పుడప్పుడు మెయిన్ స్విచ్ దగ్గర ప్లాస్టిక్ మాడిన వాసన వస్తోంది. ఈ చివరి మాట ఇంటి పెద్దాయన తనంతట తాను చెప్పలేదు. "బాబాయ్, మీటరు దగ్గర ఎప్పుడైనా వాసన గానీ చిటపట శబ్దం గానీ వచ్చిందా?" అని నేను అడిగితే, "వాసనైతే వస్తుందబ్బాయ్, ఎండకి పెట్టె వేడెక్కుతుందేమో అనుకున్నా" అన్నారు. లోవోల్టేజీ కంప్లైంట్ వచ్చిన ప్రతి ఇంట్లో ఈ ప్రశ్న అడగాలి. జనం లైట్లు తగ్గడాన్ని కంప్లైంట్ అనుకుంటారు గానీ వాసనను అనుకోరు. నిజానికి ఎక్కువ భయపడాల్సింది వాసనకే.

నేను వెళ్లేసరికి జరగాల్సినవి జరిగిపోయాయి. గీజరు ఎలిమెంటు పాడైందని ఒకరు మార్పించారు. ఏసీ స్టెబిలైజరు కెపాసిటీ చాలడం లేదని ఇంకొకరు చెబితే పెద్దది కొన్నారు. లైన్‌మన్ స్తంభం దగ్గర చూసి 230 పైనే వస్తోందని, లైన్ వైపు ఏ తేడా లేదని చెప్పి వెళ్లాడు. అతను చెప్పింది తప్పు కాదు. ఆ కొలత లోడు లేనప్పుడు తీసింది, అంతే.

ఈ కేసు రాయడానికి కారణం ఆ ఒక్క విషయమే. వైర్లలో, జాయింట్లలో ఉన్న లోపం కరెంటు పారనంతసేపూ కనిపించదు. వోల్టేజీ డ్రాప్ అంటే కరెంటును రెసిస్టెన్సుతో గుణిస్తే వచ్చేది. కరెంటు సున్నా అయితే రెసిస్టెన్సు ఎంత ఉన్నా డ్రాప్ సున్నానే. తుప్పు పట్టి సగం ఊడిన జాయింటు వెనకాల కూడా మీటరు పెడితే లోడు లేనప్పుడు నిండుగా 232 చూపిస్తుంది. అందుకే వోల్టేజీని ఒక్కదాన్నే కొలిచి ఏదీ తేల్చకూడదు. వోల్టేజీ, కరెంటు ఒకే సమయంలో, లోడు మీద కొలవాలి. ఆ రెండు అంకెలు చేతిలో ఉంటే రెసిస్టెన్సు, పవరు, లోపం ఉన్న చోటు అన్నీ కాగితం మీద తేలతాయి.

ముందు గీజరు

టెస్ట్ లోడుగా గీజరునే ఎంచుకున్నాను. హీటర్ ఎలిమెంటు దాదాపు శుద్ధమైన రెసిస్టెన్సు. దానికి పవర్ ఫ్యాక్టర్ (వోల్టులు, ఆంప్స్ గుణిస్తే వచ్చిన దానిలో నిజంగా వాట్లయ్యే వాటా) గొడవ లేదు, వేడెక్కినా ఎలిమెంటులోని నైక్రోమ్ తీగ రెసిస్టెన్సు కొద్ది శాతమే మారుతుంది. ఇలాంటి లోడు మీద వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చేది నికరంగా రెసిస్టెన్సే.

గీజరు ప్లేటు మీద 230 వోల్టులకు 2,000 వాట్లు అని ఉంది. పవరు అంటే వోల్టేజీ వర్గాన్ని రెసిస్టెన్సుతో భాగిస్తే వచ్చేది కాబట్టి, 230 × 230 ÷ 2,000 చేస్తే 26.45 ఓమ్‌లు. మంచి ఎలిమెంటు అయితే కొలతలో ఇంతకు దగ్గరగా రావాలి.

గీజరు సాకెట్ దగ్గర మల్టీమీటరు, బోర్డులో ఆ సర్క్యూట్ ఫేజ్ వైరుకు క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టాము. క్లాంపు దవడల్లో ఒక్క వైరే ఉండాలి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పెడితే ఎదురెదురు కరెంట్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మీటరు సున్నా చూపిస్తుంది. కొత్తగా పని నేర్చుకునే పిల్లలు ఇక్కడ చాలాసార్లు తికమకపడతారు.

గీజరు ఆఫ్‌లో సాకెట్ దగ్గర 232 వోల్టులు. ఆన్ చేశాక 211 వోల్టులు, 8.0 ఆంప్స్.

211 ÷ 8.0 = 26.4 ఓమ్‌లు. గీజరులో ఏ లోపమూ లేదు. పాత ఎలిమెంటులోనూ ఉండి ఉండదు.

211 × 8.0 = 1,688 వాట్లు. రెండు వేల వాట్ల గీజరు పదిహేడు వందలు కూడా తీసుకోవడం లేదు. దాని సామర్థ్యం తగ్గలేదు, దానికి చేరాల్సిన వోల్టేజీ దారిలో ఆగిపోతోంది. పవరు వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి వోల్టేజీ కాస్త తగ్గినా దెబ్బ పెద్దగా ఉంటుంది. 15 శాతం వోల్టేజీ తగ్గితే పవరు దాదాపు 28 శాతం తగ్గుతుంది. 25 లీటర్ల నీటిని 30 డిగ్రీలు పెంచడానికి సుమారు 3,140 కిలోజౌళ్లు కావాలి. పూర్తి 2,000 వాట్ల మీద అది 26 నిమిషాల పని, 1,688 వాట్ల మీద 31 నిమిషాలు. సాయంత్రం ఈ ఇంటికి లోడు లేనప్పుడే 215 వోల్టులు వస్తున్నాయి. అప్పుడు గీజరు దగ్గర మిగిలేది 195 వోల్టుల చిల్లర, పవరు 1,450 వాట్లు, సమయం 36 నిమిషాలు. పెద్దాయన చెప్పిన ఆలస్యానికి లెక్క సరిపోయింది.

దారి రెసిస్టెన్సు

ఇప్పుడు అసలు లెక్క. ఆఫ్‌లో 232, ఆన్‌లో 211. తేడా 21 వోల్టులు. ఆ సమయంలో పారుతున్నది 8.0 ఆంప్స్. 21 ÷ 8.0 = 2.63 ఓమ్‌లు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి గీజరు సాకెట్ దాకా పోయి తిరిగి వచ్చే దారి మొత్తం రెసిస్టెన్సు అది. 21 × 8.0 = 168 వాట్లు. గీజరు వేసినంతసేపూ దారిలో ఇంత పవరు వేడిగా పోతోంది.

జార్జ్ సైమన్ ఓమ్ తన ప్రయోగాల్లో చూసింది కూడా సరిగ్గా ఇదే. ఆయన మొదట వోల్టా బ్యాటరీతో ప్రయత్నించాడు. తీగ కలిపి కరెంటు పారగానే బ్యాటరీ వోల్టేజీ పడిపోయేది, కొలతలు నిలకడగా వచ్చేవి కావు. తర్వాత 1826లో ఒక కొస మరిగే నీటిలో, మరో కొస మంచులో ఉంచిన బిస్మత్, రాగి థర్మోకపుల్‌ను (కొసల మధ్య వేడి తేడాతో వోల్టేజీ ఇచ్చే లోహాల జతను) ఆధారంగా తీసుకున్నాడు. దాని వోల్టేజీ కదలకుండా నిలిచింది. అప్పుడు ఆయనకు దొరికిన సూత్రంలో భాజకంలో రెండు భాగాలున్నాయి. ఒకటి పరీక్షించే తీగది, రెండోది మిగతా సర్క్యూట్ మొత్తానిది. 1827లో పుస్తకంగా వేశాడు. బడిలో మనం నేర్చుకునే ఓమ్ నియమంలో ఆ రెండో భాగం మాయమైపోతుంది. మన ఇళ్లలో లోవోల్టేజీ కంప్లైంట్లన్నీ ఉండేది మాత్రం ఆ రెండో భాగంలోనే. ఈ ఇంట్లో 26.4 ఓమ్‌లు గీజరువి, 2.63 ఓమ్‌లు "మిగతా సర్క్యూట్"వి. 232 ÷ (26.4 + 2.63) = 8.0 ఆంప్స్. కొలిచిన కరెంటూ అంతే.

2.63 ఎక్కువా, తక్కువా? దానికి వైర్ల లెక్క తెలియాలి. 1 స్క్వేర్ ఎంఎం రాగి తీగ ఒక మీటరుకు 20 డిగ్రీల దగ్గర 0.0172 ఓమ్, అల్యూమినియం 0.0282 ఓమ్. మన ఎండల్లో తీగ 35–40 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి ఇంకో ఆరేడు శాతం కలుపుకోవాలి. పొడవు తీసుకునేటప్పుడు పోను, రాను రెండూ లెక్కపెట్టాలి. సర్వీసు వైరు 38 మీటర్లంటే కరెంటు నడిచేది 76 మీటర్లు. 0.0282 ÷ 4 × 76 చేస్తే 0.54, ఎండ కలిపితే 0.57 ఓమ్ అనుకుందాం. మీటరు నుంచి బోర్డుకు 4 స్క్వేర్ ఎంఎం రాగి, 12 మీటర్లు, 0.055 ఓమ్. బోర్డు నుంచి గీజరుకు 1.5 స్క్వేర్ ఎంఎం రాగి, 28 మీటర్లు, 0.34 ఓమ్. మూడూ కలిపి 0.97 దాటవు. లైనుది, ట్రాన్స్‌ఫార్మర్‌ది కొంత కలిపినా 1.2, 1.3 దగ్గర ఆగాలి. ఇక్కడ దానికి రెట్టింపు ఉంది. సుమారు 1.3 ఓమ్‌లు ఎక్కడో దాక్కుని ఉన్నాయి.

"మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి నేరుగా చూడొచ్చు కదా" అని నా దగ్గర పనిచేసే కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్న. మామూలు మల్టీమీటరు ప్రోబ్ వైర్లకే 0.2, 0.3 ఓమ్ ఉంటుంది, మీటరు చూపే మెట్టు 0.1. అర ఓమ్ లోపాన్ని దానితో నమ్మకంగా పట్టుకోలేం. పైగా అది పంపే కరెంటు మిల్లీఆంప్‌లలో ఉంటుంది. నల్లబడిన కాంటాక్టు మిల్లీఆంప్ దగ్గర ఒకలా, 8 ఆంప్స్ దగ్గర ఇంకోలా ప్రవర్తిస్తుంది. లోడు మీద డ్రాప్ కొలిచే పద్ధతిలో ప్రోబ్ వైరు రెసిస్టెన్సు లెక్కలోకే రాదు, ఎందుకంటే వోల్ట్ మీటరు గుండా దాదాపు కరెంటే పారదు. కొలిచే కరెంటు కూడా ఇంట్లో నిజంగా పారే కరెంటే.

ముక్కలుగా కొలవడం

దారిని నాలుగు ముక్కలు చేశాం. ప్రతి చోటా గీజరు ఆఫ్, ఆన్ రెండు కొలతలు. లైను వోల్టేజీ తనంతట తాను కూడా కదులుతూ ఉంటుంది, అందుకని ఒక్కసారి చూసి రాసుకోకూడదు. పది సెకన్లు ఆన్, పది సెకన్లు ఆఫ్, అలా కొన్నిసార్లు మార్చి మార్చి చూసి నిలకడగా వచ్చే తేడానే తీసుకోవాలి. స్తంభం మీద కొలత లైన్‌మన్ తీశాడు. మనం స్తంభం ఎక్కకూడదు, అది చట్టమూ ఒప్పుకోదు, ప్రాణమూ ఒప్పుకోదు. అతను పైన, కుర్రాడు గీజరు స్విచ్ దగ్గర, నేను మీటరు దగ్గర, ముగ్గురం ఫోన్లలో ఉన్నాం. బోర్డులో కరెంటు ఉండగా కొలతలు తీయడం అలవాటున్న ఎలక్ట్రీషియన్ చేసే పని. మల్టీమీటరు బోర్డు దగ్గరైతే క్యాట్ త్రీ, ఇంటి మీటరు ఇన్‌కమింగ్ దగ్గరైతే క్యాట్ ఫోర్ భద్రతా రేటింగ్‌ది, ప్రోబ్ కొసలు తప్ప లోహం బయటపడనిది ఉండాలి. ఇంట్లోవాళ్లు సొంతంగా ప్రయత్నించవద్దు.

8.0 ఆంప్స్ మీద వచ్చినవి ఇవి.

ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్తంభం దాకా: 2.0 వోల్టులు, 0.25 ఓమ్
స్తంభం నుంచి మీటరు ఇన్‌కమింగ్ దాకా: 10.5 వోల్టులు, 1.31 ఓమ్‌లు
మీటరు నుంచి లోపలి బోర్డు దాకా: 5.2 వోల్టులు, 0.65 ఓమ్
బోర్డు నుంచి గీజరు సాకెట్ దాకా: 3.3 వోల్టులు, 0.41 ఓమ్

మొత్తం 21.0 వోల్టులు. మొదటి కొలతతో సరిగ్గా కలిసింది. కలవకపోతే ఎక్కడో తప్పు కొలిచినట్టు, మళ్లీ మొదలుపెట్టాలి.

చివరి ముక్కలో విశేషం లేదు. వైరు లెక్క 2.7 వోల్టులు, మిగతా 0.6 ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తనంతట తాను పడే స్విచ్), మామూలు స్విచ్, సాకెట్లది. మొదటిది లైను పొడవుకు సహజమే. మధ్యలో రెండు ముక్కలే దోషులు. సర్వీసు వైరు మంచిదైతే 0.57 × 8.0, అంటే నాలుగున్నర వోల్టులు దిగాలి. ఇక్కడ పదిన్నర. ఆరు వోల్టులు అదనం. మీటరు నుంచి బోర్డుకు అర వోల్టు దిగాల్సిన చోట అయిదు దాటింది.

ఈ రెండోదాన్ని, అంటే మీటరు నుంచి బోర్డు దాకా ఉన్న లోపాన్ని, పట్టుకోవడం తేలిక. మెయిన్ స్విచ్ తలుపు తీసి, ఒక ప్రోబ్ న్యూట్రల్ లింకుకు వచ్చే వైరు రాగి మీద, రెండోది బయటికి పోయే వైరు రాగి మీద పెట్టాను. మధ్యలో ఉన్నది అంగుళంన్నర ఇత్తడి ముక్క, రెండు స్క్రూలు. అక్కడ మీటరు సున్నా పక్కన పాయింటు ఏదో చూపాలి. గీజరు ఆన్ చేయగానే 4.4 వోల్టులు చూపించింది. ఫేజ్ వైపు, కిట్‌క్యాట్‌తో సహా, 0.3 మాత్రమే. మిగతా అర వోల్టు వైరుది.

మొదటిదానికి, అంటే సర్వీసు వైరులోని ఆరు వోల్టులకు, ఇంకో చిట్కా వాడాలి. ఆ ఆరు ఫేజ్ వైపు పోతున్నాయా, న్యూట్రల్ వైపా? ఇంట్లో ఎర్త్ గొయ్యి బాగుంటే దాన్ని కదలని ఆధారంగా తీసుకోవచ్చు. మీటరు ఇన్‌కమింగ్ దగ్గర న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య గీజరు ఆఫ్‌లో 1.0 వోల్టు, ఆన్‌లో 10.2 వోల్టులు. పెరుగుదల 9.2. ఇందులో సర్వీసు వైరు న్యూట్రల్ కోరు వాటా ఆ నాలుగున్నర వోల్టుల్లో సగం, అంటే 2.2 చిల్లర. లైను న్యూట్రల్ వాటా ఒక వోల్టు. తీసేస్తే ఆరు మిగులుతుంది. అదనంగా పోతున్న ఆరు వోల్టులూ న్యూట్రల్ వైపే. ఫేజ్ కోరు బాగానే ఉంది. కింద సర్వీసు వైరు పొడవునా ఎక్కడా అతుకు కనిపించలేదు, కాబట్టి మిగిలింది స్తంభం మీది న్యూట్రల్ జాయింటు ఒక్కటే. ఎక్కి చూడకముందే లైన్‌మన్‌కు "అన్నా, న్యూట్రల్ జాయింటు చూడు" అని చెప్పగలిగాం. ఆ జాయింటు రెసిస్టెన్సు 6.0 ÷ 8.0, ముప్పావు ఓమ్.

35 వాట్లు అంటే

ఈ కేసులో నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించింది న్యూట్రల్ లింకు. 4.4 వోల్టులు వినడానికి చిన్నదే. దాన్ని కరెంటుతో గుణించాలి. 4.4 × 8.0 = 35 వాట్లు. ఒక మామూలు సోల్డరింగ్ ఐరన్ పవరు అంతే ఉంటుంది. గీజరు వేసిన ప్రతిసారీ చెక్క బోర్డు మీది ఆ పెట్టెలో ఒక సోల్డరింగ్ ఐరన్ వెలుగుతోందన్నమాట. స్తంభం మీది జాయింటులో 48 వాట్లు పోతున్నాయి, కానీ అది గాలిలో ఉంది, చుట్టూ అంటుకునేది లేదు. సర్వీసు వైరులోనూ 36 వాట్లు పోతాయి, అవి 76 మీటర్ల పొడవునా పరుచుకుంటాయి కాబట్టి వైరు చేతికి వేడి కూడా తగలదు. ఎన్ని వాట్లు అన్నదొక్కటే చాలదు, ఎంత చోటులో అన్నది చూడాలి.

జౌల్ 1841లో చెప్పినట్టు ఈ వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గీజరు, ఏసీ రెండూ కలిసి 16 ఆంప్స్ దాటి లాగితే, లింకు రెసిస్టెన్సు 0.55 దగ్గరే ఉందనుకున్నా, 35 కాస్తా నాలుగు రెట్లు దాటి 150 వాట్ల దాకా పోతుంది. వేడెక్కే కొద్దీ ఇత్తడి నల్లబడి, స్క్రూ వదులై రెసిస్టెన్సు ఇంకా పెరుగుతుంది, దానితో వేడి ఇంకా పెరుగుతుంది. లింకు విప్పి చూస్తే వైరు ఇన్సులేషన్ అంగుళం మేర గట్టిపడి పెళుసైపోయింది. వైరు పోగుల్లో కొన్నే స్క్రూ కింద ఉన్నాయి, మిగతావి పక్కకు విరిగి ఉన్నాయి. వాసన వచ్చింది అక్కడి నుంచే.

ఇలాంటి లోపానికి ఏ ఎంసీబీ పడదు, ఏ ఫ్యూజూ పోదు. ఎంసీబీ ఎక్కువ కరెంటును చూసి పడుతుంది. దారిలో రెసిస్టెన్సు పెరిగితే కరెంటు తగ్గుతుంది తప్ప పెరగదు. 16 ఆంప్స్ ఎంసీబీకి 8 ఆంప్స్ కనిపిస్తే అంతా సవ్యంగా ఉన్నట్టే. ఆర్‌సీసీబీ (భూమిలోకి కరెంటు లీకైతే పడే స్విచ్) కూడా పట్టుకోదు, ఎందుకంటే పోయిన కరెంటంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తూనే ఉంది, భూమిలోకి లీకేజీ లేదు. ఇళ్లలో మెయిన్ బోర్డు కాలిపోయి "షార్ట్ సర్క్యూట్" అని చెప్పుకునే సంఘటనల్లో ఇలాంటి వదులు కాంటాక్టుల వాటా చిన్నది కాదని నా గట్టి అభిప్రాయం.

ఇంకో ప్రమాదమూ ఉంది. ఆ లింకు పూర్తిగా తెగితే ఇంట్లో అన్నీ ఆగిపోతాయి, జనం కరెంటు పోయిందనుకుంటారు. కానీ ఆన్‌లో ఉన్న గీజరు గుండా ఫేజ్ వోల్టేజీ ఇంటి న్యూట్రల్ వైర్లన్నిటి మీదికీ వచ్చి కూర్చుంటుంది. న్యూట్రలే కదా అని ముట్టుకుంటే షాకు కొడుతుంది. త్రీ ఫేజ్ సర్వీసు ఉన్న ఇళ్లలో మెయిన్ న్యూట్రల్ పోతే దెబ్బ వేరే తీరుగా ఉంటుంది. తక్కువ లోడున్న ఫేజ్ మీద వోల్టేజీ 230 దాటి 400 వైపు ఎగబాకి టీవీలు, ఫ్రిజ్‌లు కాలిపోతాయి.

స్టెబిలైజరు ఏం చేసింది

స్టెబిలైజరు కొంటే లోవోల్టేజీ పోతుందని అందరూ నమ్ముతారు. ఇక్కడ అది సమస్యను పెంచింది. స్టెబిలైజరు పవరును తయారుచేయదు. అవతల 220 వోల్టులు, 8 ఆంప్స్ ఇవ్వాలంటే, ఇవతల 178 వోల్టులే ఉన్నప్పుడు దాదాపు 10 ఆంప్స్ లాగుతుంది. ఆ అదనపు కరెంటు అదే దారిలో, అదే పాడైన జాయింట్ల గుండా రావాలి. డ్రాప్ ఇంకా పెరుగుతుంది, స్టెబిలైజరు ఇంకా లాగుతుంది.

సాయంత్రం లెక్క చూద్దాం. లోడు లేనప్పుడు 215 వోల్టులు. బోర్డు దాకా దారి రెసిస్టెన్సు 17.7 ÷ 8.0, అంటే 2.21 ఓమ్‌లు. గీజరు, స్టెబిలైజరుతో ఏసీ రెండూ నడిస్తే మొత్తం సుమారు 16.5 ఆంప్స్, డ్రాప్ 36 వోల్టుల పైన. బోర్డులో మిగిలేది 178. గీజరు ఆపేసినా కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో 25 ఆంప్స్ లాగిందనుకుంటే 55 వోల్టులు దిగి 160కి వస్తుంది. ఆ స్టెబిలైజరు పనిచేసే పరిధి 170 నుంచి 270. కింది గీత దాటగానే అది కట్ చేస్తుంది, మూడు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. కంప్రెసర్ "అందుకోబోయి ఆగిపోవడం" ఇదే. కంపెనీ మనిషి వచ్చి ఏసీ బాగుందని చెప్పిందీ నిజమే.

ఇక్కడొక జాగ్రత్త. గీజరుకు చేసినట్టు ఏసీకి, నీళ్ల మోటారుకు వోల్టేజీని కరెంటుతో భాగించి దాన్ని రెసిస్టెన్సు అనకూడదు. అందులో వైండింగ్ ఇండక్టెన్సు, తిరుగుతున్న మోటారు ప్రభావం కలిసి ఉంటాయి. గుణించి పవరు అనడమూ పూర్తిగా సరి కాదు. ఈ ఏసీ ఒక్కటే నడుస్తుండగా 228 వోల్టులు, 7.6 ఆంప్స్ చూశాం. గుణిస్తే 1,733 వచ్చింది, కానీ అవి వోల్ట్ ఆంపియర్లు. అసలు వాట్లు ఇంటి మీటరే చెబుతుంది. దాని మీద ఒక యూనిట్‌కు 3,200 పల్సులు అని రాసి ఉంది. ఎర్ర లైటు ఒక నిమిషంలో 84 సార్లు వెలిగింది. 84 × 60 ÷ 3,200 చేస్తే 1.575 కిలోవాట్లు. పవర్ ఫ్యాక్టర్ 1,575 ÷ 1,733, సుమారు 0.91. వాట్‌మీటరు కొనక్కర్లేకుండా ఏ ఇంట్లోనైనా ఈ లెక్క చేయొచ్చు, కాకపోతే కొలిచే నిమిషంలో మిగతావన్నీ ఆఫ్‌లో ఉండాలి. దారి రెసిస్టెన్సు కొలవడానికి గీజరును ఎంచుకోవడానికి ఇదే కారణం. మోటారు లోడు మీద తీసిన తేడాలో, కరెంటు వోల్టేజీ కంటే వెనకబడే కోణం తేడా కూడా కలిసి లెక్క కొంచెం మసకబారుతుంది.

మరమ్మతు, తర్వాతి కొలతలు

పాత మెయిన్ స్విచ్ తీసేసి డబుల్ పోల్ ఎంసీబీ (ఫేజు, న్యూట్రల్ రెండింటినీ తెంచేది) పెట్టాం. వైరు కొసలు మంచి రాగి కనిపించేదాకా కత్తిరించి, లగ్గులు (వైరు కొసకు వేసే లోహపు తొడుగులు) క్రింప్ చేసి, అంటే నొక్కి పట్టించి, బిగించాం. మల్టీస్ట్రాండ్ వైరు పోగుల్ని మెలిపెట్టి నేరుగా స్క్రూ కింద దూర్చే పద్ధతికి నేను పూర్తిగా వ్యతిరేకం. లగ్గు ఖర్చు కొద్ది రూపాయలు.

స్తంభం పని లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపించి తీసుకునే అనుమతి) తీసుకుని చేశాడు. న్యూట్రల్ జాయింటు ఊహించినట్టే ఉంది. అల్యూమినియం తీగను లైను మీద చుట్టి వదిలేశారు. అల్యూమినియం మీద గాలి తగలగానే ఆక్సైడు పొర పడుతుంది, అది కరెంటును పోనివ్వదు. చుట్టిన జాయింటు గాలికి కదిలే కొద్దీ పట్టు సడలి, ఆ పొర లోపలిదాకా పాకుతుంది. తీగను బ్రష్‌తో గీకి, పీజీ క్లాంపు (రెండు తీగల్ని పక్కపక్క గాళ్లలో పెట్టి బోల్టుతో బిగించేది) వేసి బిగించాడు. ఫేజ్ వైపు కూడా అలాగే చుట్టి ఉంది కాబట్టి, ఇంకా పాడవకపోయినా, దానికీ క్లాంపు వేయించాం. గీజరు వైరుకు వేరే పైపు దూర్చాల్సి రావడం వల్ల ఆ వైరును అప్పటికి అలాగే ఉంచాం. రంగులు వేయించేటప్పుడు 2.5 స్క్వేర్ ఎంఎం లాగుతామన్నారు. దానివల్ల వచ్చేది ఒక్క వోల్టే, తొందర లేదు.

తర్వాత అవే కొలతలు, అదే క్రమంలో. ఆఫ్‌లో 232, ఆన్‌లో గీజరు సాకెట్ దగ్గర 221 వోల్టులు, 8.4 ఆంప్స్. పవరు 1,856 వాట్లు. దారి రెసిస్టెన్సు 11 ÷ 8.4, అంటే 1.3 ఓమ్‌లు. ముందు వైర్ల లెక్కతో అనుకున్న అంకె దాదాపు ఇదే. కొత్త ఎంసీబీ న్యూట్రల్ పోల్ మీద డ్రాప్ 0.1 లోపే. మీటరు దగ్గర న్యూట్రల్, ఎర్త్ మధ్య లోడు మీద 10.2 ఉన్నది 4.5కి దిగింది. సాయంత్రం గీజరు, ఏసీ రెండూ వేసి చూస్తే బోర్డులో 178కి బదులు 200 నిలిచింది, కంప్రెసర్ మొదటిసారికే అందుకుంది.

కరెంటు బిల్లు తగ్గుతుందా అని పెద్దాయన అడిగారు. కొద్దిగా తగ్గుతుంది, ఆశ పెట్టకూడదు. గీజరుకు థర్మోస్టాట్ ఉంది. పవరు తక్కువైతే ఎక్కువసేపు నడుస్తుంది, నీటిలోకి వెళ్లే యూనిట్లు దాదాపు అవే. స్తంభం జాయింటులో పోయిన 48 వాట్లు మీటరుకు ముందువి, అవి బిల్లులోకి రావు. మీటరు తర్వాత పోయినది 8.5 వోల్టులు, అంటే గీజరు వాడకంలో నాలుగు శాతం లోపు. అందులో సగానికి పైగా ఇప్పుడు మిగులుతుంది. డబ్బు కోసం కాదు, ఆ పెట్టె కాలకుండా ఉండటం కోసం చేసిన పని ఇది.

మిగిలింది సాయంత్రం 215. లోడు లేనప్పుడే అంత తక్కువ వస్తోందంటే అది ఇంటి లోపం కాదు. ఇళ్లకు వచ్చే ఎల్‌టీ (లో టెన్షన్) సరఫరాలో అనుమతించే తేడా ఆరు శాతం. 230 మీద ఆరు శాతం తీసేస్తే 216. గీత కొంచెం దాటింది. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోమన్నాను. "లోవోల్టేజీ వస్తోంది" అని ఊరికే చెప్పకుండా, మీటరు దగ్గర, మెయిన్ ఆఫ్ చేసి, ఏ సమయానికి ఎంత ఉందో మూడు నాలుగు సాయంత్రాలు ఎలక్ట్రీషియన్‌తో కొలిపించి రాయించి ఇవ్వాలి. లోడు లేని కొలత పనికొచ్చే ఒకే ఒక్క సందర్భం ఇదే, ఎందుకంటే ఇంటి వైపు తప్పు లేదని అది చూపిస్తుంది.

సర్వీసు వైరు మార్చాలా అన్నది చివరి ప్రశ్న. 4 నుంచి 10 స్క్వేర్ ఎంఎం అల్యూమినియంకు వెళితే 0.57 ఓమ్ కాస్తా 0.23 అవుతుంది. రెండు లోడ్లూ నడిచే సాయంత్రం 16 ఆంప్స్ మీద అయిదు వోల్టులు కలిసొస్తాయి. పెద్దాయన కొడుకు పైన గది వేసి ఇంకో ఏసీ పెట్టాలనుకుంటున్నాడు. ఆ ఏసీ వస్తే మార్చక తప్పదు, సర్వీసు కాంట్రాక్టెడ్ లోడు (విద్యుత్ సంస్థతో రాసుకున్న లోడు) కూడా పెంచుకోవాలి. అప్పటిదాకా పాత వైరే చాలు. తీసిన కొలతలన్నీ తేదీ వేసి, ఎన్ని ఆంప్స్ మీద తీశామో రాసి, కొత్త బోర్డు తలుపు లోపలివైపు అతికించాం.